చెట్టు మీద చూసింది

వానాకాలం మొదలైందంటే ఆఫీసులో నన్ను తీసుకెళ్లి ఫోను దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. దాని పేరు కంట్రోల్ రూమ్. ఒక బల్ల, రెండు ఫోన్లు, గోడకు ఒక పటం, కారే పైకప్పు కింద ఒక బకెట్. కథలాపూర్ నుంచి, కొడిమ్యాల నుంచి, వాగుల పక్క ఊళ్లన్నిటి నుంచి ఫోన్లు వచ్చేవి. కట్ట కుంగుతోందని ఒకరు, కల్వర్టు మీద నుంచి నీళ్లు పోతున్నాయని ఇంకొకరు. నేను రాసుకొని, ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పేదాన్ని. ఊళ్లను ముంచే నీళ్ల ముందు సర్కారు దగ్గర ఉన్న ఏర్పాటు చాలావరకు అదే. ఒక మనిషి చూడటం, ఇంకో మనిషికి చెప్పడం.

ఫోను చేసినవాళ్ల పేరు మాత్రం నేను ఎన్నడూ అడగలేదు. అధికారి మారినప్పుడల్లా ఈ విషయంలో నాకు తిట్లు పడేవి. "పేరు లేకుండా సమాచారం ఏంటమ్మా? రేపు తప్పని తేలితే ఎవరిని పట్టుకోవాలి?" అని ఒకాయన జగిత్యాల ఆఫీసంతా వినబడేలా అరిచాడు. "ఎవరినీ పట్టుకోవద్దనే సార్," అన్నాను. ఆయనకు అది పొగరుగా వినిపించింది. పొగరే. అటెండరుగా చేరి గుమాస్తాగా దిగిపోయినదాన్ని, నాకు వేరే ఆస్తి ఏముంది గనక. కానీ పేర్లు అడగకపోవడం మాత్రం పొగరు కాదు. అది మా బాపు దగ్గర మొదలైంది.

మా బాపు తాళ్లెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు గీసేవాడు. మా ఊరు కథలాపూర్ అవతల. ఊరికి ఒక పక్క వాగు, ఎగువన రెండు ఊళ్ల అవతల పెద్ద చెరువు. ఆ చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీళ్లే మా వాగులోకి దిగేవి. భూములున్నవాళ్లు మెరక మీద ఉండేవాళ్లు. కల్లు గీసేవాళ్లం, నాలుగు మగ్గాల ఇండ్లు, కూలి జనం వాగు ఒడ్డున ఉండేవాళ్లం. ఆ జాగా ఎవరికీ అక్కర్లేదు కనుకనే అది మాకు దక్కింది.

ఒడ్డు వెంబడి తాటివనం. అందులో ఒకటి మిగతావాటి తలలు దాటి పోయింది. దాన్ని పెద్దతాడు అనేవాళ్లం. దాని మీదికి మా బాపు తప్ప ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. వాన కడిగిన పొద్దున దాని మట్టల్లో కూర్చుంటే ఎగువ చెరువు కట్ట, దాని మీద నడిచే మనిషి, అటు పక్క గుట్టల దారి, ఎక్కడో చివర మబ్బు గీతలా అంజన్న గుడి ఉన్న కొండగట్టు కనబడేవి. దిగి వచ్చాక బాపు అమ్మను ఆటపట్టించేవాడు. "నువ్వు పైసలు గట్టుకొని బస్సెక్కి పోతవ్. నేను కిరాయి లేకుంట పొద్దుగాల్నే అంజన్నకు దండం పెట్టొచ్చిన." ఆ మాట ఊళ్లో అందరికీ తెలుసు. అందరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులాట మాట మాకు ఎంత చేటు తెస్తుందో అప్పుడు ఎవరికి తెలుసు.

తాళ్లెక్కేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. మా ఇండ్లలో స్నానాల గదులు లేవు. పెరట్లో నాలుగు బండలు పరిచి, చుట్టూ తడికలు కట్టుకునేవాళ్లు, పైన ఆకాశం. అందుకని చెట్టెక్కే ముందు బాపు "హోయ్" అని పొడుగ్గా ఒక కేక వేసేవాడు. ఆడవాళ్లు బట్ట కప్పుకునేవాళ్లు. ఆ తర్వాత పైకెక్కి ఏం చూసినా, ఏ పెరట్లో ఏ కోడలు ఏడుస్తున్నా, ఏ మక్క చేనులో ఎవరి పిల్ల ఎవరితో మాట్లాడుతున్నా, అది అక్కడితో సరి.

"చెట్టు మీద చూసింది చెట్టు మీదనే ఇడిసి దిగాలె," అనేవాడు. "దిగినంక నోరు తెరిస్తే గా చెట్టు మల్ల మనల్ని ఎక్కనియ్యది."

చిన్నప్పుడు నాకు అది మర్యాద అనిపించేది. తర్వాత వచ్చిన ఏండ్లలో అదే ప్రాణం కాపాడే మంత్రమైంది. మా గుట్టల దారిలో అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగేవాళ్లు. వాళ్లను వెతుక్కుంటూ పోలీసులు తిరిగేవాళ్లు. మీరు చూశారా అని వీళ్లు అడుగుతారు, మమ్మల్ని చూశామని చెప్పారా అని వాళ్లు అడుగుతారు. మధ్యలో ఊళ్లన్నీ అడకత్తెరలో పోకచెక్కలే. పక్క ఊళ్లో మేకలు కాసే ఒకాయన ఎవరికో ఏదో చెప్పాడన్నారు. చెప్పాడో లేదో ఎవరికీ తెలియదు. ఆయన మేకలు మాత్రం ఒక సాయంత్రం వాటంతట అవే ఇంటికొచ్చాయి. ఆ వారం బాపు ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడలేదు. కొండగట్టు ముచ్చట కూడా మానేశాడు. కానీ ఊరు ఆ ముచ్చటను మరిచిపోలేదు.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. కల్లు అమ్మే మండువ దగ్గర గుడాలు అమ్మే ముసలమ్మ. ఉడకబెట్టి పోపు వేసిన బబ్బెర్లు, శనగలే గుడాలు. అవి లేకపోతే తాగేవాళ్లకు కల్లు గొంతు దిగదు. ఆమెను అందరం గుడాలవ్వ అనేవాళ్లం. వాగుకు అందరికంటే దగ్గరి ఇల్లు ఆమెది. మొగుడు లేడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. మా బాపును ఒక్కణ్ణే కొడుకా అని పిలిచేది, మిగతా ఊరినంతా ఇక్కడ రాయలేని మాటలతో పిలిచేది.

ఆ ఏడు పెద్ద పుష్యాల కార్తెలో ముసురు పట్టుకొని వదల్లేదు. ఇంటి గూన పెంకులు కారి కారి గోడలు ఉబ్బాయి. అప్పటికి నేను పదో తరగతి తప్పి ఇంట్లో బీడీలు చుడుతున్నాను. తునికాకు బూజు పట్టింది. మగ్గాల ఇండ్లలో నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటల్లో నీళ్లు ఊరి కప్పలు చేరాయి. డప్పు కొట్టి చాటింపు వేశారు. చెరువు కట్టల మీదికి ఎవరూ పోవద్దు, అందరూ జాగ్రత్తగా ఉండాలి అని. ఎట్లా జాగ్రత్తగా ఉండాలో డప్పు చెప్పదు. తర్వాత ఫోను ముందు కూర్చొని నేను కూడా అదే మాట వందల ఊళ్లకు చెప్పాను, చెప్పినప్పుడల్లా సిగ్గేసేది.

ఒక తెల్లారి వాన కొంచెం తెరిపిచ్చింది. బాపు మోకు భుజాన వేసుకున్నాడు. మోకంటే చెట్టుకూ నడుముకూ వేసుకొని ఎక్కే తాడు.

"తడి చెట్టు జారుతది, ఇయ్యాల పోకు," అంది అమ్మ.

"లొట్ల నిండ వాన నీళ్లుంటయ్. కుమ్మరిచ్చి మల్ల కట్టొస్త," అని చెట్టుకు కట్టిన కల్లు కుండల కోసం ఆయన పోయాడు.

నేను పొయ్యి ఊదుతున్నాను. తడి కట్టెలు రాజుకోక కండ్ల నిండా పొగ. రోజూలాగే "హోయ్" వినిపించింది. కాసేపటికి ఇంకో కేక. ఈసారి మాటలున్న కేక.

"ఎగువ చెరువు తెగిందిరో! వాగొడ్డోళ్లు లేవుండ్రి! పిల్లల్ని ఎత్తుకొని బడి కాడికి ఉరుకుండ్రి!"

ఒక్క క్షణం ఒడ్డు మీద ఎవరూ కదల్లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బాపు చెట్టు మీద నుంచి మాట మాట్లాడటం అదే మొదలు. ఆయన నాన్న మాట్లాడలేదు, ఆయన తాత మాట్లాడలేదు. అందుకే నమ్మారు. రోజూ అరిచే మనిషైతే ఇంకో నిద్ర తీసేవాళ్లేమో. ఎన్నడూ నోరు తెరవని మనిషి అరిచేసరికి గిన్నె, బట్ట, ఆకు ఎక్కడివక్కడ వదిలి మెరక మీది బడికి పరుగు తీశారు.

గుడాలవ్వ రానంది. పొయ్యి మీద గంజులో బబ్బెర్లు ఉడుకుతున్నాయి, అవి దించకుండా కదలనంది. బాపు చెట్టు దిగి వచ్చి, ఆమెను బియ్యం మూటలా భుజాన వేసుకున్నాడు. "ఓరి నీ పాడుగాను, నా గంజురా కొడుకా, నా గంజు!" అని ఆమె ఆయన వీపు మీద పిడికిళ్లతో గుద్దుతూనే ఉంది. బడి మెట్ల మీద దించేసరికి వెనక నుంచి చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే మా వీధి లేదు. ఎర్రటి నీళ్లలో దూలాలు, ఒక మగ్గం, ఎవరిదో దూడ, గుడాలవ్వ ఇంటి తలుపు. మగ్గాల ఇంటి ఒకాయన తన మగ్గం కొట్టుకుపోవడం చూస్తూ దాన్ని పేరు పెట్టి పిలిచి ఏడ్చాడు. కానీ మనుషులం అందరం ఉన్నాం. బాపు కేక వినగానే సైకిల్ మీద ఒకరిని దిగువ ఊళ్లకు పంపారు. అక్కడ కూడా అందరూ బతికారు.

ఆ రోజు మా బాపును చూస్తే నాకు గర్వంతో ఏడుపు వచ్చింది. జీవితంలో అంత గర్వం మళ్లీ ఎన్నడూ పడలేదు.

తర్వాత ఆఫీసుల వాళ్లు వచ్చారు. బియ్యం బస్తాలు, దుప్పట్లు తెచ్చారు. చుట్టుపక్కల అంత నష్టం జరిగితే మా ఊళ్లో ఒక్క ప్రాణం కూడా పోకపోవడం ఏంటని అడిగారు. సర్పంచ్ ఛాతీ ఉబ్బించి మా బాపును చూపించాడు. జెండా పండుగ నాడు జగిత్యాలలో శాలువా కప్పుతామన్నారు.

అమ్మ వద్దంది. ఆ రోజుల్లో జెండా పండుగకు పోతే అన్నలకు కోపం, పోకపోతే పోలీసులకు అనుమానం. "ఊరంత పొమ్మంటున్నది, పోకుంటే గదొక పంచాయితి," అన్నాడు బాపు. నన్ను వెంట తీసుకెళ్లాడు. ఇస్త్రీ లేని తెల్ల ధోతి, తల మీద కొత్త రుమాలు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని దారి పొడవునా తాళ్లను చూసి ఇది బాగా పారుతది, ఇది పారది అని నాకు చెబుతూనే ఉన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అదే ఆఖరు.

వేదిక మీద రెవెన్యూ అధికారి, పక్కన పోలీసు అధికారి. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. "అంత దూరం ఎట్లా కనబడింది పెద్దాయనా?" అని రెవెన్యూ ఆయన మంచిగానే అడిగాడు. బాపు నవ్వి ఊరుకున్నాడు. మా సర్పంచ్ ఊరుకోలేదు.

"దూరమా సార్! పెద్దతాడు మీదికెళ్లి మావోడు కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకుంటడు! గుట్టల దారిల కుక్క నడిచినా చెప్తడు!"

అందరూ నవ్వారు. పోలీసు ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే, "అయితే మా వాళ్లకన్న నీకే ఎక్కువ కనబడుతుందన్న మాట," అన్నాడు. అది బెదిరింపు కాదు, నిజంగా మెచ్చుకోలే. బాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. శాలువా కొసను పిడికిట్లో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. శాలువా బరువుగా ఉందేమో అనుకున్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, కోరుట్ల దాటినా ఆయన తాళ్ల వంక చూడలేదు. ఇంటికొచ్చాక అమ్మతో ఒక్క మాట అన్నాడు. "నన్ను పట్టిచ్చిండ్రే." అమ్మ ఆ శాలువాను మడిచి తునికాకు మీద కప్పింది, తడి ఆరకుండా. ఆ తర్వాత దానికి వేరే గౌరవం దక్కలేదు.

కొన్నాళ్లకు మండువ ముందు పోలీసు జీపు ఆగింది. దిగినాయన బాపును పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడాడు. గుట్టల దారిలో కొత్త మనుషులు కనిపిస్తే ఒక మాట చెబితే చాలు, ఎవరికీ తెలియదు అన్నాడు. పట్టపగలు, మండువ ముందర, పదిమంది కల్లు తాగుతుండగా, ఎవరికీ తెలియదు అన్నాడు.

"నాకు కండ్లు మసకలున్నయ్ సారూ," అన్నాడు బాపు.

"మొన్న చెరువు తెగింది చూసినవు కద?"

"నీళ్లు పెద్దయి సారూ, కనబడ్డయ్. మనుషులు చిన్నగుంటరు."

ఆ మాట ఆయన నమ్మలేదు. మళ్లొస్తానని పోయాడు. వారం తిరగకుండానే, పొద్దు గూకే వేళ వనంలో ఇద్దరు బాపు కోసం చెట్టు కింద కూర్చున్నారు. వాళ్లూ మర్యాదగానే మాట్లాడారు. అన్నా అని పిలిచారు. "జీపోళ్లతోని ఏం ముచ్చట పెట్టినవే? జగిత్యాలల సన్మానం గూడ చేసిండ్రట." బాపు వాళ్లకూ అదే చెప్పాడు, కండ్లు మసకలని. వాళ్లూ నమ్మలేదు. రెండు వైపులా వినేది ఒకే మాటైతే రెండు వైపులా అబద్ధమే అనుకుంటారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు.

"కండ్లు లేవని అందరికి కనబడాలె," అన్నాడు.

కోరుట్ల కండ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. చదువు రానివాళ్ల కోసం గోడకు చేతి గుర్తుల పటం ఉండేది. గుర్తు ఏ వైపు తిరిగి ఉందో చేత్తో చూపించాలి. పైకి ఉన్నదాన్ని బాపు కిందికి చూపించాడు. కుడిని ఎడమ అన్నాడు. అద్దాలు మార్చి మార్చి అడిగినా ఒక్కటి కూడా సరిగ్గా చెప్పలేదు. నిజంగా కనబడనివాడు గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒకటో రెండో సరిగ్గా చెబుతాడు. అన్నీ తప్పు చెప్పాలంటే అన్నీ కనబడాలి. డాక్టరు కూడా అది గమనించాడు. అద్దాలు కింద పెట్టి బాపు ముఖంలోకి చూశాడు.

"ఏ ఊరు?" అని అడిగాడు.

బాపు చెప్పాడు. డాక్టరు ఇంకేమీ అడగకుండా సోడాసీసా అడుగులంత మందం అద్దాలు రాసిచ్చాడు. ఆ రోజుల్లో మా వైపు డాక్టర్లకు ఊరి పేరు చెబితే సగం రోగం అర్థమయ్యేది.

ఆ అద్దాలు పెట్టుకున్నాక బాపుకు నిజంగానే ఏమీ కనబడేది కాదు. మొదటి రోజే మురుగు మోరీలో కాలు వేశాడు. పిల్లలు వెనకబడి నవ్వారు. గడప తట్టుకొని పడ్డాడు. అన్నం పళ్లెం పక్కన చెయ్యి పెట్టేవాడు. ఇంట్లోనైనా తీసెయ్యమని అమ్మ ఏడ్చేది. తలుపు సందులు ఉన్నంతకాలం ఇల్లు కూడా బజారే అనేవాడు. చూపు ఉన్న మనిషి చూపు లేనట్టు బతకడం ఎంత కష్టమో నాకు తెలిసింది అప్పుడే. కనబడని మనిషిని అందరూ పట్టుకొని నడిపిస్తారు. ఈయనను ఎవరు పట్టుకున్నా ఆయన ఒళ్లు బిగుసుకుపోయేది.

గుడ్డివాడు చెట్టెక్కకూడదు కదా. తాళ్లన్నీ మా బావకు, అంటే మా మేనత్త కొడుకుకు అప్పగించాడు. అతనికి పెండ్లయి ఇద్దరు పిల్లలు. పెద్దతాడు కింద నిలబెట్టి, తన మోకు అతని భుజాన వేసి, నా ముందే చెప్పాడు. "చెట్టు మీద చూసింది చెట్టు మీదనే ఇడిసి దిగాలె. నేను ఒక్కనాడు తప్పిన. నా గతి చూస్తున్నవ్ గద." బావ తల ఊపాడు. అతను చెప్పిన మాట వినే మనిషి.

ఊళ్లో ఉంటే ఎప్పటికైనా పట్టుబడతానని బాపుకు భయం. చుట్టాల సాంచల షెడ్డులో కండెలు చుట్టే పని ఉందంటే సిరిసిల్ల పోదామన్నాడు. సాంచలంటే కరెంటు మగ్గాలు. సామాను ఎత్తిన రోజు గుడాలవ్వ బస్సు దాకా వచ్చింది. వాగు ఒడ్డునే, పాత ఇంటి పునాది మీదే మళ్లీ గుడిసె వేసుకుంది. ఇంకెక్కడా జాగా ఇవ్వలేదు. నలుగురూ వినేలా, "ఓ గుడ్డోడా, బస్సనుకొని బర్రెనెక్కేవు, చూసి ఎక్కు!" అంది. అందరూ నవ్వారు. ఆమె గుడాల పొట్లం బాపు చేతిలో పెట్టి, చెయ్యి వదలకుండా చిన్నగా అంది. నేను పక్కనే ఉన్నాను కనుక వినిపించింది.

"నాకెరుకేరా కొడుకా. ఊరందరికి ఎరుకే. నువ్వు కండ్లు మూసుకొనే పో."

బస్సు కదిలాక బాపు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలను కాదు, కండ్లను.

సిరిసిల్ల బతుకు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సాంచల మోతలో పగలంతా ఎవరి మాటా ఎవరికీ వినబడదు. బాపుకు అది నచ్చింది. దారం తెగితే షెడ్డులో అందరికంటే ముందు ఆయనే పట్టుకునేవాడు. "ఈ ముసలాయన కండ్లకు ఏం రోగమో ఏమో, తెగిన పోగు కనబడతది, ఎదురొచ్చే సేఠు కనబడడు," అని షెడ్డు ఓనరు ఎగతాళి చేసేవాడు. సాయంత్రం ఆయన మానేరు ఒడ్డుకు పోయి కూర్చునేవాడు. నేను బీడీలు చుడుతూనే పదో తరగతి గట్టెక్కాను. ఏండ్లు గడిచాయి.

మళ్లీ ఒక ముసురు వచ్చింది. మానేరు రెండు ఒడ్లూ తాకుతూ పారింది. ఊరి నుంచి ఒక చుట్టం తడిసి ముద్దయి షెడ్డుకు వచ్చాడు. సాంచల మోతలో అతని మాట వినబడక బాపు అతన్ని బయటికి తీసుకొచ్చాడు. ఎగువ చెరువు మళ్లీ తెగిందట. పొద్దుటి పూట. వాగు ఒడ్డు మళ్లీ పోయిందట. చాలామంది నీళ్ల చప్పుడుకు లేచి తప్పించుకున్నారు. గుడాలవ్వ తప్పించుకోలేదు. దిగువన తుమ్మ చెట్టుకు చిక్కుకొని దొరికిందట.

బాపు మొదట అడిగింది ఆమె గురించి కాదు.

"పోరడు చెట్టెక్కిండా?"

చుట్టం తడిసిన రుమాలు పిండుకున్నాడు. "ఎక్కిండట. దిగి పెండ్లాం పిల్లల్ని తీస్కొని బడి కాడికి పోయిండట. ఎవలకు చెప్పలేదట."

ఆ సాయంత్రమే ఇద్దరం బస్సెక్కాం. నీళ్లు దారులు కోసేయడంతో తెల్లారి ఊరికి చేరేసరికి గుడాలవ్వను అప్పటికే మట్టి చేశారు. ఆమె గుడిసె ఉన్న చోట పొయ్యి రాళ్లు మూడు మిగిలాయి. అక్కడ జనం గుంపుగా నిలబడి ఉన్నారు. బావ ఒక పక్కగా నిలబడ్డాడు. బాపు నేరుగా అతని ముందుకు పోయి, అందరి ఎదుటా అద్దాలు తీశాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అవ్వ చెప్పింది నిజమే, ఊరందరికీ ఎప్పుడో తెలుసు.

"చూసినవా?" అన్నాడు బాపు.

"చూసిన."

"నోరు లేదారా? ఒక్క కేక ఏస్తే ముసల్ది బతుకుతుండె."

బావ కండ్లెత్తలేదు. "నువ్వు ఏసినవ్ గద మామా. ఏసి గుడ్డోడివైనవ్. నాకు ఇద్దరు పిల్లలు." కొంచెం ఆగి అన్నాడు, "నువ్వు చెప్పినట్టే చేసిన."

బాపు చెయ్యి లేచింది. కొడతాడనుకున్నాను. ఆ చెయ్యి గాలిలోనే ఆగి కిందికి దిగింది. ఇన్నేండ్లలో నేను ఆ బావను క్షమించలేదు, తప్పు పట్టనూ లేదు. నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడే జీపు వచ్చింది. నష్టం చూడటానికి వచ్చిన కొత్త అధికారి, వెనక ఇద్దరు పోలీసులు. బాపు గబుక్కున అద్దాలు పెట్టుకున్నాడు. అధికారి చిన్న వయసువాడు, ముఖంలో నిజమైన బాధ ఉంది. పొయ్యి రాళ్ల దగ్గర ఆగి, "తెల్లారినాక వచ్చిన నీళ్లు కదా, ఊళ్లో ఒక్కరు కూడా ముందుగా చూడలేదా?" అని అడిగాడు. "ఇదివరకు ఇక్కడ ఎవరో చెట్టెక్కి చూసి ఊరినంతా లేపాడని విన్నాను. ఆ మనిషి ఏడి?"

బావ ముఖం మట్టి రంగుకు తిరిగింది. చూసి చెప్పలేదని ఒక్కరు నోరు జారితే, ఎందుకు చెప్పలేదనే మాట వస్తుంది. ఆ చెట్టు మీద నుంచి ఇంకా ఏమేం చూశావనే మాట వస్తుంది. వెనకున్న పోలీసులు వినే మాట అదే. ఆ మాట మొదలైతే ఎక్కడ ఆగుతుందో బాపుకు తెలిసినంతగా ఆ గుంపులో ఎవరికీ తెలియదు.

ఆయన చెయ్యి ముందుకు చాచి, గాలిని తడుముకుంటూ రెండు అడుగులు వేశాడు.

"గా చూసేటోణ్ణి నేనే సారూ," అన్నాడు. "నాకు కండ్లు పోయినయ్."

"అయ్యో," అన్నాడు అధికారి. బాపు భుజం మీద చెయ్యి వేసి, "ఈయనను పక్కకు కూర్చోబెట్టండి," అని ఎవరితోనో చెప్పాడు. బావ వచ్చి బాపు చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి బాపు ఒళ్లు బిగుసుకోలేదు. గుడాలవ్వ పొయ్యి రాళ్లు కాలికి తగలకుండా బావ ఆయనను మెల్లగా చుట్టు తిప్పి తీసుకెళ్లాడు, ఆయన నిజంగా కనబడనివాడిలాగే వెంట నడిచాడు.